రోడ్డుకు కప్పిన గొంగళి

ఇకమీదట మన దేశంలో రోడ్లు పగలవని రహదారుల మంత్రి యొందొన్ గారు రాజధాని ఉలాన్‌బాతర్‌లో ప్రకటించారు. ఆ సమయానికి బయట చలి మైనస్ ముప్పై దాటి ఉంది. లోపల హీటర్లు మంత్రిగారి పరిపాలనంత చురుగ్గా పనిచేస్తున్నాయి కాబట్టి ఆయన కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి మాట్లాడారు.

"పగులు అనేది గత ప్రభుత్వం నాటి మాట. మా పాలనలో దానికి చోటు లేదు. పోయిన వేసవిలో బోర్‌షాంద్ నుంచి జిల్లా కేంద్రానికి వేసిన తారు రోడ్డు దేశంలోనే మొట్టమొదటి పగుళ్ళులేని రోడ్డు. మూడో తొమ్మిదిలో నేనే వెళ్ళి ప్రారంభిస్తాను," అన్నారు.

శీతాకాలాన్ని తొమ్మిదేసి రోజుల చొప్పున లెక్కపెట్టుకునే దేశంలో మూడో తొమ్మిది అంటే ఏమిటో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఉమ్మితే నేలకి చేరేలోపే గడ్డకట్టే రోజులవి. అలాంటి చలిలో రోడ్డు ప్రారంభించే ధైర్యం అంతకుముందు ఏ మంత్రికీ రాలేదు.

బోర్‌షాంద్ రోడ్ల కమిటీ చైర్మన్ దగ్వా ఈ ప్రకటనని ఇంట్లో రేడియోలో విన్నాడు. తాగుతున్న ఉప్పు టీ గొంతుకి అడ్డం పడింది. దగ్వా మామూలు మనిషి కాదు. పార్టీ చెప్పిన మాటకి ఏనాడూ ఎదురుచెప్పి ఎరగడు. పార్టీ రెండుగా చీలినప్పుడు కూడా రెండు వైపులా తలూపిన నిబద్ధత అతనిది.

పొయ్యి దగ్గర కూతురు ఓయునా కూర్చుని ఉంది. నిండు నెలలు. అల్లుడు మందతో కొండ అవతల చలి మకాంలో ఉన్నాడు. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని, కాన్పు జిల్లా ఆస్పత్రిలోనే జరగాలని, నొప్పులు మొదలవగానే బయల్దేరాలని ఊళ్ళో నర్సు మరీమరీ చెప్పింది.

"నాన్నా, కొత్త రోడ్డు మీదైతే గంటలో ఆస్పత్రికి వెళ్ళిపోవచ్చుట కదా?" అంది ఓయునా.

"గంట ఎందుకమ్మా, ముప్పావు గంట. పాత మట్టి బాటలో అయితే సగం రోజు. ఆ కుదుపులకి మనిషి మనిషిలా దిగడు. అందుకేగా మేం రోడ్డు వేసింది," అన్నాడు దగ్వా. అతనికి ఒక్కతే కూతురు. ఆ మాట అంటున్నప్పుడు ఛాతీ నిజంగానే ఉప్పొంగింది.

మర్నాడు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రారంభోత్సవం అయ్యేదాకా రోడ్డు మీద ఏ బండీ తిరగరాదు. చక్రాలు తగిలితే రోడ్డు పగిలే ప్రమాదం ఉంది. దగ్వా ఒక్క పూటలో పని పూర్తిచేశాడు. రోడ్డుకి రెండు కొసలా మట్టి కట్టలు పోయించి, వాటి మీద నీళ్ళు పోయించాడు. తెల్లారేసరికి అవి రాళ్ళయ్యాయి. 'వాహనాలు నిషేధం' అని బోర్డు రాయించి, కింద తన సంతకం రంగుతో వేయించుకున్నాడు. సంతకం బోర్డులోని అక్షరాలకన్నా పెద్దదిగా వచ్చింది. ఊరి బండ్లన్నీ రోడ్డు పక్కనే, ఎప్పటి మట్టి బాటలో ఎగిరెగిరిపడుతూ పోసాగాయి.

రెండో రోజు ఇంజనీరు బోలొర్ వచ్చింది. బోలొర్ చదువుకున్న పిల్ల. అందువల్ల ఆమె మాటకి ఆఫీసులో విలువ లేదు.

"చైర్మన్ గారూ, రోడ్డు పగిలేది బండి బరువుకి కాదు, చలికి," అంది. "చలికి తారు ముడుచుకుంటుంది. మెత్తటి తారైతే కాస్త సాగి తట్టుకుంటుంది. మనం వేసింది ఎండ దేశాల కోసం తయారైన గట్టి తారు. అది సాగదు. ఎండిన పెరుగుబిళ్ళలాగ పుటుక్కున విరుగుతుంది. ఇటు అంచు నుంచి అటు అంచుకి, అడ్డంగా."

"గట్టి తారే కావాలని మంత్రిగారు స్వయంగా అన్నారమ్మా. గట్టి ప్రభుత్వం, గట్టి తారు."

"ఇది వేసవిలోనే చెప్పాను. రోడ్డుని వరసగా అడ్డంగా మనమే సన్నగా కోసి, ఆ గాట్లలో సాగే రబ్బరు తారు పోసి ఉంటే పగుళ్ళు అక్కడే ఆగేవి. లోపలికి నీళ్ళు దిగేవి కావు."

"అంటే, పగలకుండా ఉండడానికి మనమే కోసుకోవాలి?"

"అవును."

"అమ్మా బోలొర్, నువ్వు పార్టీ సభ్యురాలివేనా?"

"కాదు."

"అందుకే," అన్నాడు దగ్వా జాలిగా.

అయినా అతను ఆమె మాటని పూర్తిగా కొట్టిపారెయ్యలేదు. తారుకి మైనస్ ముప్పై నాలుగు దాకా హామీ ఉందని ఆమె వెళ్తూ వెళ్తూ అన్న మాట చెవిలో వేసుకున్నాడు. వెంటనే వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసి, ప్రారంభోత్సవం అయ్యేదాకా ముప్పై నాలుగు దాటి చలి ప్రకటించవద్దని కోరాడు. వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు. ఆ రోజు నుంచి బోర్‌షాంద్‌లో చలి ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది. చలి నలభైకి చేరితే బడికి సెలవు ఇచ్చే ఆనవాయితీ ఒకటి ఉంది. అది కూడా ఆగిపోయింది. పిల్లలు కనురెప్పలకి మంచు కట్టుకుని బడికి వెళ్ళి చదువుకున్నారు.

తారుకి మాత్రం రేడియో వినే అలవాటు లేదు. ఒక పొద్దున్న దగ్వా ఒంటరిగా వెళ్ళి చూస్తే, మట్టికట్ట దాటగానే రోడ్డుకి అడ్డంగా వెంట్రుకంత గీత కనిపించింది. కొంచెం దూరంలో ఇంకొకటి. వెంటనే మంత్రిగారి కార్యదర్శికి ఫోన్ చేశాడు.

"సార్, రోడ్డు మీద చిన్న... గీతల్లాంటివి..."

"ఆ మాట అనకండి."

"నేనింకా అనలేదు సార్."

"సంతోషం. నిన్ననే సర్క్యులర్ పంపాం. ఇకమీదట వాటిని శీతల రేఖలు అనాలి. మంత్రిగారికి ఆ రేఖలు కూడా కనిపించకూడదు. కనిపిస్తే మీరు కనిపించరు."

దగ్వా ఇంటికి వచ్చి పొయ్యి ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ గుండ్రటి గుడారం. కర్ర చట్రం, దాని మీద రెండు పొరలుగా మందపాటి ఉన్ని గొంగళ్ళు. బయట గాలి అరుస్తోంది, లోపల వెచ్చగా ఉంది. తాతముత్తాతల నుంచి ఈ గొంగళ్ళే కదా అందర్నీ బతికించింది అనుకున్నాడు. అనుకోగానే చివాల్న లేచి నిలబడ్డాడు. రోడ్డుకి చలేస్తోంది. చలేస్తే ఏం చేస్తారు? గొంగళి కప్పుతారు. ఇంత చిన్న విషయం విదేశాల్లో చదివిన ఇంజనీర్లకి తట్టలేదు.

ఫోన్‌లో ఈ ఆలోచన విని మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. తర్వాత, "ఇది మన జాతి విజ్ఞానం! ప్రపంచం మనవైపు చూస్తుంది!" అన్నారట. సాయంత్రానికి రేడియోలో వచ్చింది. బోర్‌షాంద్ ప్రజలు రోడ్డు కోసం తమ గుడారాల పైపొర గొంగళ్ళని స్వచ్ఛందంగా ఇస్తున్నారని. ఆ సంగతి రేడియోలో విన్నాక ప్రజలు గొంగళ్ళు విప్పడం మొదలుపెట్టారు. ఇవ్వనివాళ్ళ పేర్లు కూడా స్వచ్ఛందంగా రాసుకున్నారు.

మొదటి గొంగళి చైర్మన్ ఇంటి నుంచే రావాలి. దగ్వా నిచ్చెన వేసుకుని గుడారం ఎక్కుతుంటే తల్లి సెవ్‌జిద్ బయటికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒరేయ్ దగ్వా, ఏం చేస్తున్నావురా అక్కడ?"

"రోడ్డుకి కప్పాలమ్మా. వెచ్చగా ఉంటుంది."

"రోడ్డుకి ఒళ్ళు ఉందా?"

"లేదు."

"గొంగళి వేడి పుట్టిస్తుందిట్రా? ఉన్న వేడిని పట్టి ఉంచుతుంది. ఈ గుడారంలో పొయ్యి ఉంది, అందుకని వెచ్చగా ఉంది. నీ రోడ్డు కింద పొయ్యి ఎక్కడ పెట్టావు?"

దగ్వా నిచ్చెన మీదే ఆలోచించాడు. "అది రెండో దశలో పెడతారమ్మా," అన్నాడు.

"లోపల నిండు చూలాలు ఉందిరా! నీ కూతురు!"

"నాకు మాత్రం తెలీదా? ఈ పది రోజులు ఓర్చుకుంటే చాలు. మంత్రిగారు రిబ్బను కోసిన మరుక్షణం రోడ్డు తెరుస్తారు. మొట్టమొదటి బండిలో మన ఓయునాని పంపిస్తా. నామీద ఒట్టు."

సెవ్‌జిద్ కొడుకు ముఖంలోకి చూసి, లోపలికి పోయి పొయ్యిలో మరో రెండు పిడకలు వేసింది. ఆ రోజు నుంచి ఓయునా కోటు విప్పకుండానే పడుకోసాగింది. ఊరి వైపు నుంచి కనుచూపు మేర రోడ్డంతా గొంగళ్ళు పరిచారు. గాలికి లేవకుండా రాళ్ళు పెట్టారు. మంచులో ఆ రోడ్డు జ్వరం వచ్చి ముసుగుతన్ని పడుకున్న మనిషిలా ఉంది. ఉలాన్‌బాతర్ టీవీ వాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు.

ప్రారంభోత్సవానికి ముందురోజు గొంగళ్ళు తీశారు. ఒక్కో రేఖలో ఇప్పుడు వేలు దూరుతోంది. ఇటు అంచు నుంచి అటు అంచుకి, పాలకుడికి గౌరవ వందనం చేసే సిపాయిల్లాగ, సమాన దూరాల్లో బారులు తీరి ఉన్నాయి.

"నింపుదాం," అన్నాడు దగ్వా.

"ఈ చలిలో రబ్బరు తారు అంటుకోదు," అంది బోలొర్.

"అంటుకునేది ఏదో ఒకటి చెప్పు తల్లీ!"

బోలొర్ తల అడ్డంగా ఊపింది. పార్టీ కార్యకర్తలు చెప్పారు. గొర్రె తోక కొవ్వు కరిగించి, అందులో పొయ్యి మసి కలిపి పోస్తే నల్లగా, నున్నగా గడ్డకట్టి కూర్చుంటుంది. రాత్రంతా పోశారు. అద్భుతంగా కుదిరింది. పది అడుగుల దూరం నుంచి చూస్తే రోడ్డు నిన్ననే పోసినట్టు నిగనిగలాడింది. దగ్వాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు వెంటనే గడ్డకట్టాయి.

ఆ మర్నాడు మంత్రిగారు వచ్చారు. పదిహేను కార్ల కాన్వాయ్. పగుళ్ళులేని రోడ్డు పగలకూడదు కాబట్టి అందరూ పక్కనున్న మట్టి బాటలోనే వచ్చారు. కాన్వాయ్ కోసం ఆ బాటలో మంచుని యంత్రంతో తోసి రెండు వైపులా గోడల్లా పోశారు. ఒక బండి పట్టేంత సందులో కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచాయి. చలికి ఆగిపోతాయని ఇంజన్లు ఎవరూ ఆపలేదు. మంత్రిగారు దిగి, నడుం పట్టుకుని, "దారి ఘోరంగా ఉందయ్యా, ఇలాంటి బాటల్లో జనం ఎలా తిరుగుతున్నారు?" అని ప్రజల కష్టాన్ని కళ్ళారా చూశారు.

కొత్త రోడ్డు మొదట్లో మంత్రిగారు నడవడానికి మట్టికట్టని కొంతమేర గునపాలతో పగలగొట్టి, ఎర్ర తివాచీ పరిచారు. నీలం పట్టు కండువా మీద వెండి గిన్నెలో పాలు అందించారు. రిబ్బను కోశారు. జనం కోట్లలో ముడుచుకుని నిలబడ్డారు. సగం మంది తమ గొంగళి ఎప్పుడిస్తారో అడుగుదామని వచ్చినవాళ్ళు.

"చూడండి!" అన్నారు మంత్రిగారు మైకులో. "ఒక్క రేఖ అయినా కనిపిస్తోందా? ఇది మా సంకల్పబలం!"

సరిగ్గా అప్పుడు ఊళ్ళో కుక్కలు వచ్చాయి. మొదట ఒక నల్ల కుక్క వచ్చి రోడ్డు వాసన చూసి, మోకాళ్ళ మీద వాలి నాకడం మొదలుపెట్టింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగా ఊరి కుక్కలన్నీ దిగాయి. తోక కొవ్వుకోసం కుక్కలు కొట్టుకుంటాయని అందరూ భయపడ్డారు గానీ, కొట్టుకోవలసిన అవసరం రాలేదు. అందరికీ సరిపడా పగుళ్ళు ఉన్నాయి. ఒక్కో పగులు పొడుగునా ఐదారేసి కుక్కలు అడ్డంగా బారు తీరి, తోకలూపుతూ క్రమశిక్షణతో నాకుతున్నాయి. కనుచూపు మేర కుక్కల బారులే. కళ్ళు లేనివాడికి కూడా పగుళ్ళు ఎక్కడున్నాయో తెలిసిపోయేలా ఉంది.

టీవీ కెమెరా అటు తిరిగింది.

మంత్రిగారు ఒక్క క్షణం ఆగారు. గొప్పవాళ్ళకి ఒక్క క్షణం చాలు. "ఇది మూగజీవాలకి కూడా అన్నం పెట్టే రోడ్డు!" అన్నారు. "రోడ్డు మీద ఆహార కేంద్రాలు ఏర్పాటు చేసిన మొదటి ప్రభుత్వం మాది!"

చప్పట్లు మోగాయి. తొడుగుల్లో చేతులు కాబట్టి ధబధబమని మోగాయి. దగ్వా కోటుకి పతకం గుచ్చారు. తర్వాత మంత్రిగారు, ఇంత విలువైన రోడ్డుని చలికాలంలో వాడి పాడుచెయ్యడం దేశద్రోహమని, వేసవి వచ్చేదాకా దీనికి విశ్రాంతి ఇస్తున్నామని ప్రకటించి, మాంసం కుడుములు తినడానికి డేరాలోకి వెళ్ళారు.

దగ్వా చేతులు పతకం మీదే ఆగిపోయాయి. వేసవి దాకా?

అతను తేరుకునేలోపే వెనక నుంచి హారన్ వినిపించింది. ఊరి అంబులెన్స్. తోలేది హున్‌బిష్. అతనికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, దయ్యం కళ్ళు కప్పడానికి తల్లి పెట్టిన పేరది. 'మనిషి కాదు' అని అర్థం. దయ్యం వచ్చి పేరు విని, మనిషి కాదట అనుకుని వెళ్ళిపోతుంది. అలాంటి పేర్లవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు.

"దగ్వా అన్నా! ఓయునాకి నొప్పులొచ్చాయి. ఉమ్మనీరు కూడా పోయింది. ఈ కార్లు తియ్యమను!"

బండిలోంచి ఓయునా కేక వినిపించింది. వెనకాలే పాలబుంగ, చెక్క గరిటె పట్టుకుని సెవ్‌జిద్ ఆయాసపడుతూ పరిగెత్తుకొస్తోంది. దగ్వా డేరాలోకి ఉరికి కార్యదర్శి చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మా అమ్మాయి... పురుడు... ఆ కార్లు కొంచెం ముందుకి పోనిస్తే..."

"మంత్రిగారి కారుకి ముందు ఏ కారూ కదలకూడదండీ. ప్రోటోకాల్."

"అయితే మంత్రిగారి కారే కదిలించండి."

"మంత్రిగారు కుడుములు తింటున్నారు కదండీ."

"ఎంతసేపు తింటారు?"

కార్యదర్శి పళ్ళెం వైపు చూశాడు. "బాగా కుదిరాయి," అన్నాడు.

దగ్వా డేరాలోంచి బయటికి వచ్చాడు. బాట నిండా పొగలు కక్కుతున్న కార్లు. రెండు వైపులా మంచు గోడలు. ఎదురుగా ఖాళీగా, నల్లగా, కుక్కలు నాకిన రోడ్డు. రిబ్బను ఎలాగూ కోసే ఉంది. ఆ రోజు జరిగిన పనుల్లో పనికొచ్చిన పని అదొక్కటే.

"హున్‌బిష్! రోడ్డు ఎక్కించెయ్!"

"బోర్డు ఉంది కదన్నా. నీ సంతకంతో."

"దాని మీదనుంచే పోనీ!"

హున్‌బిష్ పోనిచ్చాడు. దగ్వా సంతకం ఫెళ్ళున విరిగింది. కదిలే బండిలోకి దగ్వా ఎగిరి ఎక్కాడు. ఎర్ర తివాచీ చక్రాలకి చుట్టుకుని కొంతదూరం వచ్చి ఊడిపోయింది. వెనక సెవ్‌జిద్ గరిటెతో పాలు తీసి, వెళ్ళే బండి వెంట ఆకాశంలోకి చల్లుతోంది, దారి క్షేమంగా సాగాలని. పెదాలు కదుపుతూ ఒక్కతే నడిరోడ్డు మీద నిలబడి చల్లుతూనే ఉంది. కుక్కలు పక్కకి తప్పుకున్నాయి.

బండి ధన్‌మంది. మళ్ళీ ధన్‌మంది. ప్రతి పగులు దగ్గరా ఓయునా నర్సు భుజం పట్టుకుని పళ్ళు బిగబట్టింది.

"నాన్నా... పగుళ్ళు లేవన్నావుగా!"

"లేవమ్మా. అవి..." ధన్. "అవి రేఖలు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక దగ్వాకి ఏడుపొచ్చింది. కూతురి చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "నన్ను క్షమించు తల్లీ, పగుళ్ళేనమ్మా, అన్నీ పగుళ్ళే," అని పసివాడిలా ఏడ్చాడు. ఓయునా వినే స్థితిలో లేదు. సగం దారిలో, పగులుకీ పగులుకీ మధ్య నున్నగా ఉన్నచోట హున్‌బిష్ బండి ఆపాడు. మగపిల్లాడు. కేర్‌మన్నాడు. నర్సు వాణ్ణి గొర్రెచర్మంలో చుట్టి, "ఇక పద, తల్లికి రక్తం ఎక్కించాలి," అంది. అవతలి కొసన మట్టికట్ట పక్కనుంచి బండి దింపాడు హున్‌బిష్. తల్లీ బిడ్డా ఆస్పత్రికి క్షేమంగా చేరారు. మట్టి బాటలో అయితే తల్లి దక్కేది కాదని డాక్టర్ చెప్పాడు. రోడ్డు గురించి ఎవరైనా నిజంగా మెచ్చుకున్న మాట అదొక్కటే. అది ఏ పేపర్లోనూ రాలేదు.

పేపర్లో వచ్చింది వేరు. కుక్కల వీడియో దేశమంతా చూసింది కాబట్టి మంత్రిగారు వెంటనే ఉన్నతస్థాయి విచారణ సంఘం వేశారు. సంఘం మట్టి బాటలో వచ్చి, రోడ్డు చూసి, కుడుములు తిని, మట్టి బాటలో వెళ్ళింది. నివేదికని రేడియోలో చదివారు. ప్రారంభోత్సవం నాటికి రోడ్డులో ఎలాంటి లోపమూ లేదు. ఆ తర్వాత నిషేధం ఉల్లంఘించి ఒకే ఒక్క వాహనం ప్రయాణించింది. ఆ వాహనానికి నలుగురి వరకే అనుమతి. డ్రైవరు, నర్సు, రోగి, చైర్మన్ కలిసి నలుగురు. కానీ సగం దారిలో ఐదో వ్యక్తి అనుమతి లేకుండా చేరాడు. కాబట్టి పగుళ్ళకి కారణం అధిక బరువు. సగం దారికి ముందున్న పగుళ్ళ మాటేమిటని ఒక విలేఖరి అడిగితే, అప్పటికి కూడా సదరు వ్యక్తి బండిలోనే దాగి ఉన్నట్టు వైద్యులు ధ్రువీకరించారని మంత్రిగారు జవాబిచ్చారు.

దగ్వా పతకం వెనక్కి తీసుకున్నారు, చైర్మన్ పదవి తీసుకున్నారు. గొంగళ్ళని మాత్రం ఇవ్వలేదు. అవి విచారణ పూర్తయ్యేదాకా సాక్ష్యాలట. బోలొర్‌ని కూడా బదిలీ చేశారు. పగుళ్ళు వస్తాయని ఆమెకి ముందే తెలిసి ఉండడం అనుమానాస్పదంగా ఉందిట.

ఒంటిపొర గుడారంలో పొయ్యి చుట్టూ అందరూ దగ్గరగా కూర్చున్న సాయంత్రం నివేదిక నకలు ఇంటికి వచ్చింది. దగ్వా పైకి చదివాడు. "ముఖ్య నిందితుడు: బోర్‌షాంద్ మాజీ చైర్మన్ దగ్వా మనవడు. బరువు: మూడు కిలోల రెండు వందల గ్రాములు. పేరు: ఇంకా పెట్టలేదు. పేరు పెట్టిన వెంటనే తెలియజేయవలెను."

చలి గాలి ఒకసారి గుడారాన్ని గుద్దింది. ఓయునా బిడ్డని ఒళ్ళోకి లాక్కుంది.

"వాణ్ణి ఇలా ఇవ్వు," అంది సెవ్‌జిద్. "వాడి పేరు నేను పెడతాను."

పేరు పెట్టే పెద్ద బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. ముసలామె మునిమనవణ్ణి గుండెకి హత్తుకుని, తలుపు వైపు, ఆ అవతలి రోడ్డు వైపు ఒకసారి చూసి, చెవి దగ్గరికి వంగింది.

"ఎనెబిష్. ఎనెబిష్. ఎనెబిష్."

వీడు కాదు, అని ఆ పేరుకి అర్థం.